పగిలిన హండీ

పాత గుంటూరులోని మా ఇంటి వసారాలో దాదీమా నాటి నీలిగాజు హండీ ఉంది. కరెంటు రాకమునుపు రమజాను రాత్రులలో దీపం వెలిగింది అందులోనే. మొన్న సున్నం వేయిస్తుండగా నిచ్చెన తగిలి అంచు నుంచి ఒక పెంకు ఊడింది. పగులు సగం దాకా పాకింది.

అద్దాల దుకాణంలో అంచంతా అరగదీయించి సమం చేయిద్దామన్నాడు తమ్ముడు. మాకు సమ్మతం కాలేదు. అరిగిన గాజు తిరిగి రాదు. సానరాయి అదురుకు పగులు మరింత సాగవచ్చు కూడా.

మహాప్రవక్త (స) వారి పానపాత్ర పగిలినప్పుడు బీట వద్ద వెండి తీగతో అతికించబడిందని సహీహ్ బుఖారీలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ఉంది. ఆ పాత్రకున్న ఇనుప కడియం తీసి బంగారుదో వెండిదో వేయాలని అనస్ (రజి) తలచగా, ప్రవక్త (స) చేసినదేదీ మార్చవద్దని అబూ తల్హా (రజి) వారించారు. వెండి వాడుక ధర్మసమ్మతమేనా అన్న చర్చలో ఈ హదీసును ఏటా బోధిస్తుంటాము. బాగుచేయడానికీ మార్చడానికీ మధ్యనున్న గీత ఈసారి మా ఇంట్లోనే కనిపించింది.

ఎపాక్సీ జిగురు గట్టిదే గాని ఏళ్లు గడిస్తే వెలుతురుకు పచ్చబడుతుంది. మ్యూజియంలలో వాడే పారలాయిడ్ బి-72 ఎసిటోన్‌లో కరుగుతుంది; రేపు మరొకరు మెరుగ్గా అతకదలిస్తే విడదీయవచ్చు. అయితే అతికిన గాజును తలపైన వేలాడదీయడం క్షేమం కాదు. ఆ వసారాలోనే పిల్లలు ఖుర్‌ఆన్ చదువుకుంటారు. అందుచేత పెంకును ఆ జిగురుతో అతికించి, హండీని గూటిలో ఉంచాలని నిశ్చయించాము.

దూలానికున్న కొక్కెం మాత్రం తీయవద్దన్నారు అమ్మీజాన్.