నీలం రంగు పట్టిన చోటు

జులై 3

హిమోగ్లోబిన్ ఆరు దాటని ఒకమ్మాయి శాంపిల్ వచ్చింది, రెటిక్ కౌంట్‌కి, అంటే కొత్త ఎర్రకణాల లెక్కకి. రక్తం, న్యూ మిథిలీన్ బ్లూ సమంగా కలిపి 37 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచి స్మియర్ లాగాను. ఆయిల్ ఇమ్మర్షన్‌లో అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రకణాల్లో నీలం పోగులు చిక్కుపడ్డట్టు కనిపిస్తాయి. మూలుగలో ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ తయారుచేసిన రైబోజోముల్లో మిగిలినవే అవి. రక్తంలోకి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో అవీ పోతాయి. కేంద్రకం అంతకుముందే పోయింది. ఇక ఆ కణం కొత్తగా ఒక్క ప్రోటీనూ చేసుకోలేదు. మూటగట్టి ఇచ్చిన సద్దితోనే దాదాపు 120 రోజుల ప్రయాణం. ఈ అమ్మాయిలో పోగులున్న కణాలు బాగా తక్కువ. ఐరన్ నిల్వ చూడమని రాసి పంపాను.

జులై 8

మైలోమా అనుమానంతో మూలుగ స్లైడు. లీష్మన్ రంగులో ప్లాస్మా కణాలు నిండు నీలం, కేంద్రకం పక్కన గాల్జీ ఉన్న మేర మాత్రం తేలిపోయి ఉంది. ఆ నీలమూ రైబోజోముల ఆర్‌ఎన్‌ఏదే. యాంటీబాడీలు బయటికి పంపాల్సిన కణం కాబట్టి ఇక్కడవి ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ పొరను అంటుకుని బారులు తీరి ఉంటాయి. హిమోగ్లోబిన్ కణం దాటి పోనక్కర్లేదు, అందుకే ఎర్రకణాల్లో అవి విడిగా తేలేవి. క్లోమం కణాల్లో మళ్ళీ పొర మీదే. నాడీకణంలో నిస్సిల్ రేణువులంటే ఇవే. ఆక్సాన్ మొదలయ్యే చోట మాత్రం కనిపించవు. రంగు చూసి కణం పని ఊహించడం ఈ ఉద్యోగంలో నాకు ఎప్పటికీ విసుగు పుట్టనిది.

జులై 11

తమ్ముడు ఫోన్. "అక్కా, డాక్సీసైక్లిన్ బ్యాక్టీరియా రైబోజోముల్ని ఆపుతుందట, మరి మనవి?" మనవి 80ఎస్, వాటివి 70ఎస్, మందు వాటి 30ఎస్, 50ఎస్ ముక్కల్లో 30ఎస్‌కు అతుక్కుంటుందని చెప్పాను. 30, 50 కలిస్తే 70 ఎలా అని వెంటనే పట్టుకున్నాడు. అది బరువు కాదురా, సెంట్రిఫ్యూజ్‌లో అడుగుకు దిగే వేగం, కూడికలకు లొంగదు. డాక్సీసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్, 1948లో వచ్చింది. డగ్గర్ దాన్ని కనిపెట్టిన లెడర్లీ మందుల కంపెనీలో అప్పటి పరిశోధన విభాగానికి పెద్ద, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏడాదే పోయారు.

మనవి 80ఎస్ అన్నా, మన మైటోకాండ్రియా రైబోజోములు మాత్రం బ్యాక్టీరియా పోలికవి. క్లోరాంఫెనికాల్ అనే మరో యాంటీబయాటిక్ మూలుగను అణచడానికి అదో కారణం.

"సరే, జలుబుకు కూడా వేసుకోనా?" అన్నాడు. వద్దన్నాను. జలుబు తెచ్చే వైరస్‌కు సొంత రైబోజోములు లేవు, మనవే వాడుకుంటుంది. అక్కడ డాక్సీకి పట్టుకోవడానికేమీ లేదు.