గడి ఊరికి గల్ఫ్ కబురు

హైదరాబాద్ నుంచి నాగపూర్ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు వెళ్లి, కాస్త లోపలికి మళ్లితే దోమకొండ. ఊళ్లో అందరి చూపునూ ఆకట్టుకునేది గడి. ఎత్తయిన రాతి గోడలు, అద్దాల మేడ, లోపల కాకతీయుల కాలంనాటి మహదేవుని గుడి... కామినేని వంశస్థులు ఏలిన సంస్థానం ఇది. శిథిలమవుతున్న కోటను వారసులు బాగుచేయించారు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దీనికి మెరిట్ అవార్డు దక్కింది.

గడి దాటి వాడల్లోకి వెళ్తే కనిపించేది వేరే బతుకు. ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడుతుంటారు. కామారెడ్డి జిల్లాలోని చాలా ఊళ్లలాగే ఇక్కడి నుంచీ మగవాళ్లు అప్పుచేసి దుబాయ్, సౌదీ, కువైట్ బాట పడతారు. వెళ్లినవాళ్లలో కొందరు ప్రాణాలతో తిరిగిరారు.

పోయేటప్పుడు చేతిలో టికెట్ ఉంటుంది. చనిపోయి వచ్చేటప్పుడు ఉండేది ఎయిర్ వేబిల్. అవును, విమానయాన సంస్థల లెక్కలో శవపేటిక కూడా కార్గోనే! మందుల పెట్టెలకు ఇచ్చినట్టే దానికీ పదకొండంకెల నంబరు ఇస్తారు. ముందున్న మూడంకెలు ఏ విమాన సంస్థో చెబుతాయి.

ఆ పెట్టె కదలాలంటే మరణ ధ్రువీకరణ, ఎంబామింగ్ పత్రం, భారత రాయబార కార్యాలయం అనుమతి, రద్దుచేసిన పాస్‌పోర్టు ప్రతి కావాలి. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, మరోదాంట్లో వెనక పడ్డా ప్రశ్నలే. ఆసుపత్రి, పోలీసులు, యజమాని, విమాన సంస్థ... ఎవరి కాగితం వారిదే. ఒక్కటి ఆగినా ఇక్కడ ఇంటిల్లిపాదీ ఎదురుచూడాల్సిందే.

ఈ చిక్కు విప్పడానికే ఎయిర్ కార్గోలో కాగితాల బదులు ఎలక్ట్రానిక్ సమాచారం వచ్చింది. వివరాలు ఒక్కసారి నమోదుచేస్తే అందరికీ అవే అందాలన్నది ఆలోచన. వీలున్న మార్గాల్లో 2019 జనవరి 1 నుంచి ఎలక్ట్రానిక్ వేబిల్‌నే సాధారణ పద్ధతిగా అంతర్జాతీయ విమాన రవాణా సంఘం మార్చింది.

గల్ఫ్ కుటుంబాలకు మరింత దగ్గరి మార్పు 2023 ఆగస్టులో వచ్చింది. విదేశాల నుంచి వచ్చే పార్థివ దేహాల కోసం కేంద్ర ఆరోగ్య శాఖ ‘ఈ-కేర్’ పోర్టల్ తెచ్చింది. పత్రాలు అందులో పెడితే విమానాశ్రయ ఆరోగ్య అధికారి, విమాన సంస్థ, బంధువులు ముగ్గురికీ సమాచారం వెళ్తుంది. 48 గంటల్లో అనుమతి ఇవ్వాలన్నది లక్ష్యం.

అయితే ఇది మనవైపు గడప మాత్రమే. అక్కడి ఆసుపత్రి, పోలీసులు, యజమాని సంతకాలు ఈ పోర్టల్ పరిధిలోకి రావు. అక్కడ చిక్కుపడితే విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

అన్నీ కుదిరాక శంషాబాద్ కార్గో టెర్మినల్ నుంచి దోమకొండకు దారి సుమారు మూడు గంటలే. ఆ మూడు గంటల ముందు గడిచే రోజుల్ని తగ్గించడమే ఈ కంప్యూటర్ల పని. పోయిన మనిషిని అవి తేలేవు. కడసారి చూపును మాత్రం త్వరగా ఇంటికి చేర్చగలవు.