సఫేదా డబ్బా

మా మేనల్లుడు హోసూరులో కాఫీ అంగడి తెరిచి రెండు నెలలైనా కాకముందే మిషను వెనకనుంచి నీళ్లు కారడం మొదలైంది. ఫిల్టరు కాఫీ కాదు, ఎస్ప్రెస్సో. ఇటలీలో చేసిన పాత మిషను. బెంగుళూరులో ఒక హోటలు మూసేస్తుంటే సెకండ్‌హ్యాండులో కొన్నాడు. వాడి అప్పు పత్రాల మీద హామీదారుగా నా సంతకం ఉంది (మా బ్యాంకులో కాదు లెండి). అందుచేత ఆ కారే బొట్టు వాడికంటే నన్నే ఎక్కువ బాధపెట్టింది.

"మెకానిక్కును పిలుద్దాం మామా" అన్నాడు వాడు. బెంగుళూరు నుంచి మనిషి రావాలంటే రానుపోను ఖర్చులు వేరే. నేను చదివింది బి.కాం. అయినా ఇంట్లో కొళాయిలన్నీ నేనే బాగుచేసుకుంటాను. మా నాయన బావి మోటారుకు చేసేది చిన్నప్పటినుంచీ చూశాను: మరకు జనపనార పోగు చుట్టడం, దానిమీద సఫేదా పూయడం, పానాతో బిగించడం. ఆ సఫేదా డబ్బా మా అటక మీద ఇంకా ఉంది. ఆదివారం మధ్యాహ్నం దాన్ని తీసుకుపోయి, కారుతున్న కీలు విప్పి, నారా సఫేదా దట్టించి బిగించాను. సాయంత్రానికి నీళ్లు ఆగాయి. మా చెల్లెలు నాకు మొదటి కప్పు ఇచ్చి మరీ మెచ్చుకుంది.

పదకొండు రోజులకు మళ్లీ కారింది. ఈసారి మెకానిక్కు వచ్చాడు. కన్నడ కుర్రవాడు, నా కొడుకు వయసు. కీలు విప్పి, ఆ తెల్లటి ముద్దను గోటితో గీకి, వాసన చూసి, "ఈ బాయిలరు నీళ్లు ఎక్కడికి పోతాయి సార్?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పలేదు. ఆ బాయిలరు ఆవిరి గొట్టం పాలలో మునుగుతుంది. వేడినీళ్లు టీ కప్పులోకి పోతాయి. రోజూ బడి విడిచాక మేనల్లుడి కూతురు అక్కడే కూర్చుని నురుగు పాలు తాగుతుంది.

డబ్బా తెచ్చి చూపించాను. దానిమీద కాగితం ఎప్పుడో చిరిగిపోయింది. సఫేదా అంటే పూర్వం సీసపు తెలుపును అవిసెనూనెతో నూరినది. తరువాత జింకు తెలుపు వచ్చింది. కంటికి రెండూ ఒకటే. నా డబ్బాలో ఉన్నది ఏదో నాకు తెలియదు. సీసం పిల్లలకు ఇంతవరకైతే ఫరవాలేదనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తమిళంలో తగరాన్ని వెళ్ళీయం అంటారు, సీసాన్ని కారీయం అంటారు, రెండింటిలోనూ ఈయమే. చారుకు ఈయచొంబు కొనేటప్పుడు అది అసలు తగరమేనా, సీసం కలిసిందా అని మా అమ్మ నాలుగు అంగళ్లు తిరిగేది. ఆమె కొడుకునై ఉండీ నేను డబ్బా మూత తీశానే కానీ అందులో ఏముందని అడగలేదు.

ఆ కుర్రవాడు నన్ను కించపరచలేదు. ఆ కీలుకు అసలు ఏ పూతా అక్కరలేదని చూపించాడు. మరలు రెండు రకాలట. మొదటినుంచి చివరిదాకా ఒకే లావుండే మరకు నీరు ఆపే శక్తి లేదు. అది బిగించి పట్టుకోవడానికే. నీటిని ఆపేది దాని కింద ఉండే రాగి వాషరు. ఒకసారి నలిగిన రాగి గట్టిపడిపోతుంది, మళ్లీ అదే వేస్తే కారుతుంది. కొత్త వాషరు వేశాడు, అంతే. కొన్ని గొట్టాల చివర శంకువులాంటి మొన ఉంటుంది. లోహం లోహం మీద కూర్చుంటే చాలు, అక్కడా ఏమీ పూయకూడదు. కొసకు సన్నబడే మర ఒక్కటే సందులు నింపమని అడుగుతుంది.

ఆ నింపేది ఏదన్నదే ప్రశ్న. పంపు దగ్గర ఒత్తిడి 9 బార్లు. ఆవిరి బాయిలరులో ఒత్తిడి ఒకటి, ఒకటింబావు బార్లే గానీ, నీటి వేడి 120 డిగ్రీలు దాటుతుంది. టెఫ్లాన్ టేపు 260 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, నీటిలోకి ఏమీ వదలదు. తాగునీటికి పనికివస్తుందని ముద్ర ఉన్నదే కొనాలి. బిగించే దిక్కునే చుట్టాలి, మొదటి మరచుట్టు ఖాళీగా వదలాలి. లేకపోతే తెగిన పీలికలు లోపలికి పోయి, ఒక మిల్లీమీటరైనా లేని రంధ్రాల్లో ఇరుక్కుంటాయి.

గాలి తగలకుండా లోహపు సందుల్లో గట్టిపడే ద్రవాలు కూడా ఉన్నాయి. అలాంటి సీసా ఒకటి నేనే కొన్నాను. దాని కాగితాల్లో ఎన్.ఎస్.ఎఫ్. 61 అని ఉంటే సంతోషించాను. అది తాగునీటి సామగ్రికి అమెరికాలో వాడే ప్రమాణం. ఇంటికొచ్చి చదివితే, ఆ ఆమోదం నీటి వేడినిబట్టి 23 డిగ్రీలకనీ, 60కనీ, 82కనీ వేరువేరుగా ఇస్తారని తెలిసింది. నా సీసాకు ఇచ్చింది 23కు. మునిసిపాలిటీ నీళ్లు మిషనులోకి వచ్చే చోట అది సరిపోతుంది, బాయిలరుకు సరిపోదు. వంట సామగ్రికి వేరే ప్రమాణం, ఎన్.ఎస్.ఎఫ్. 51 ఉంది. అందులోనూ ఎంత వేడిదాకా అన్నది చూడాలి. జామీను కాగితంలో చిన్న అక్షరాల షరతు చదవనివాణ్ణి బ్యాంకులో ఎన్నిసార్లు కసిరానో గుర్తొచ్చింది.

అంగడి రెండు రోజులు మూశాం. నేను ముట్టిన కీళ్లన్నీ మార్చి, బాయిలరు కడిగించాం. పాపకు రక్తపరీక్ష చేయించాం. రిపోర్టు వచ్చేదాకా మా చెల్లెలు నాతో మాట్లాడలేదు. అందులో భయపడవలసిందేమీ లేదన్నారు డాక్టరు. పరీక్షకూ మెకానిక్కుకూ అయిన ఖర్చు నేనే ఇచ్చాను, మేనల్లుడు వద్దనలేదు.

డబ్బాను కాలువలో పారేయవద్దన్నాడు మెకానిక్కు. అందుకని మళ్లీ అటక ఎక్కించాను. దానిమీద ఎర్ర సిరాతో 'తాగేనీటికి కాదు' అని తెలుగులో రాశాను. మేనల్లుడికి తెలుగు చదవడం రాదు. కిందనే తమిళంలోనూ రాశాను.