దయ్యం లేదు సరే, మరి ఏముంది?

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి దయ్యాల భయం ఉండదు, శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్ సర్వర్ భయం తప్ప. ఆ ధైర్యంతోనే 2022లో మద్రాసు ఫ్లాటు ఖాళీ చేసి, దొరవారిసత్రంలో పదేళ్ళుగా తాళం పడి ఉన్న మా తాతల నాటి మండువా ఇంట్లో దిగాం. నేను, మా ఆవిడ, పాప, అమ్మ. (తెలియని వాళ్ళకి: నాయుడుపేటకీ సూళ్ళూరుపేటకీ మధ్య, నేలపట్టు గూడబాతుల దగ్గర. ఆ ఏడే నెల్లూరు జిల్లాలోంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు.)

ఆ ఇంట్లో మా పెద్ద మేనత్త తిరుగుతుందని ఊళ్ళో ప్రతీతి. పెళ్ళి కాకముందే జ్వరమొచ్చి పోయిందట. పాలు పోసే ఆయన కూడా గడప దాటి లోపలికొచ్చేవాడు కాదు. నాకు మాత్రం భలే హుషారొచ్చింది. ఇన్నాళ్ళకి డీబగ్ చెయ్యడానికి ఒక దయ్యం దొరికింది!

మొదటి బగ్గు వారంలోనే పట్టేశా. అర్ధరాత్రి అటక మీంచి బుస, మధ్యమధ్యలో గొంతు నులిమినట్టు అరుపు. టార్చి వేసి చూస్తే తెల్లటి మొహంతో చావుపిట్ట, పక్కన పిల్లలు. ఎలకల్ని తిని బతికే గుడ్లగూబ అది, పేరొక్కటే భయంకరం. రెండోది అక్టోబర్ 23న. పన్నెండు దాటిన కాసేపటికి ఉరిమినట్టు శబ్దం, కిటికీ రెక్కలు గడగడా కొట్టుకున్నాయి. అమ్మ "ఆంజనేయా" అంటూ లేచి కూర్చుంది. తీరా చూస్తే శ్రీహరికోట నుంచి 36 వన్‌వెబ్ ఉపగ్రహాలు మోసుకుని ఎల్‌వీఎం3 రాకెట్టు 12 గంటల 7 నిమిషాలకి లేచింది, అదీ సంగతి. "చూశావామ్మా, మీ ఆడబిడ్డ రాకెట్టెక్కింది" అన్నాను. రెండు టికెట్లూ క్లోజ్. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు.

మూడోది 2023 డిసెంబర్ మొదటి వారంలో, మిచౌంగ్ తుపానప్పుడు. కరెంటు పోయింది. ఆఫీసు పని ఆగకూడదని జనరేటర్ కొన్నాం కదా, అది వానకి తడవకుండా పెరటి వసారాలో పెట్టి, జల్లు కొడుతోందని కిటికీలన్నీ బిగించాం. పొద్దున్నే అమ్మ "ఒరే అబ్బయ్యా, రాత్రంతా ఎవరో గుండెల మీద కూర్చున్నట్టే ఉందిరా. గదిలో ఎవరో తిరుగుతా ఉండారు" అంది. నవ్వేశాను. పాప ఇడ్లీ ముట్టకుండానే కక్కింది. మా ఆవిడ "నాకూ తల దిమ్ముగా ఉందండీ" అంది. తుపాను, నిద్రలేమి అని సర్దిచెప్పాను. నాకైతే ఏమీ లేదు మరి. నేనుండేది వీధి వైపు గదిలో, ఫోను సిగ్నల్ కోసం తలుపు తీసుకుని!

ఆ రాత్రి రెండింటికి కాల్ ముగించి మంచినీళ్ళకని లోపలికెళ్తే, అమ్మ ఖాళీ గోడ వైపు చూస్తూ "ఇట్టా కూర్చో వదినా" అంటోంది. ముందు చిరాకేసింది, నిజం చెప్పొద్దూ. అంతలో ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది.

1921లో విల్మర్ అనే కంటి డాక్టరు ఒక అమెరికన్ వైద్య పత్రికలో రాసిన కేసు అది. ఒక కుటుంబం 1912లో పాత ఇంట్లో దిగింది. తలనొప్పులు, ఎవరూ లేని చోట అడుగుల చప్పుడు, పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించడం. కుండీల్లో మొక్కలూ చచ్చిపోయాయి. చివరికి తేలిందేమిటంటే, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పాడై పొగ ఇంట్లోకే వస్తోంది. కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది.

అమ్మ కిటికీ అవతలే జనరేటర్ మోగుతోంది.

పరిగెత్తి దాన్ని ఆపి, తలుపులన్నీ తీసి, పాపని భుజాన వేసుకుని, అమ్మని మా ఆవిడా నేనూ నడిపించుకుంటూ వీధి అరుగు మీదికి చేర్చాం. తెల్లారి ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇంకో రాత్రి నేను అలాగే నవ్వుకుంటూ ఉంటే ఏమయ్యేదో రాయడానికి చెయ్యి రావట్లేదు.

నేను అమ్మకి చెప్పింది ఏమిటి? "నా మెషీన్‌లో బానే ఉందే!" రోజూ యూజర్లకి చెప్పే మాటే. యూజరు "సిస్టంలో దయ్యం దూరింది" అంటే కారణం తప్పు చెప్తున్నాడు, కంప్లయింటు తప్పు చెప్పట్లేదు. గుండె మీద బరువు నిజం, అడుగుల చప్పుడు ఆమెకి వినపడ్డమూ నిజం. దయ్యం లేదని తేల్చాక పని మొదలవ్వాలి. నేను అక్కడే ముగించేశాను. రెండుసార్లు నెగ్గేసరికి మూడోసారి చూడ్డం కూడా మానేశాను. నమ్మకస్తుడు రుజువు అడగడు అని వెక్కిరించే నేను, నా వైపు రుజువు ఒక్కటైనా అడిగానా?

ఇప్పుడు జనరేటర్ దొడ్లో దూరంగా రేకుల షెడ్డు కింద ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి అమ్మ గదిలో పెట్టాను. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మీరూ కొనుక్కోండి. అపార్టుమెంటులో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్ళు మరీనూ.

అమ్మ మాత్రం ఆ రాత్రి నన్ను లోపలికి రప్పించింది మేనత్తే అంటుంది. నాకు దాహమేసిందని చెప్పాను. "ఆ దాహం ఎందుకేసిందిరా?" అంటుంది. వాదించట్లేదు. మీ ఇంట్లో ఎవరైనా దయ్యం అంటే, ముందు కిటికీలు తెరవండి. వాదన తర్వాత పెట్టుకోవచ్చు.