చంద్రబింబం

మా అక్కయ్యకు కీళ్ళవాతం. పొద్దున్నే కాఫీ గ్లాసు ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. అటువంటి మనిషి కిందటి సంక్రాంతికి మా ఇంటికి వచ్చి, తెల్లవారేసరికి వాకిలంతా ముగ్గుతో నింపేసింది. ముఖం చంద్రబింబంలా గుండ్రంగా ఉంది.

"వదినగారు ఒళ్ళు చేశారండోయ్!" అని మా ఆవిడ మురిసిపోయింది.

పక్క ఊళ్ళో ఎవరో పొట్లాలు కట్టి ఇస్తాడట. మందు పేరు లేదు, చీటీ లేదు. పూటకొక తెల్ల బిళ్ళ. "హస్తవాసి మంచిదిరా!" అంది అక్కయ్య.

శ్రావణం వచ్చేసరికి ఆవిడకు చక్కెర వ్యాధి తేలింది. చెయ్యి గడపకు తగిలితే చాలు, నల్లగా కమిలిపోయేది. ఆ రోజుల్లోనే, పేరులేని నొప్పి బిళ్ళల్లో స్టెరాయిడు కలుపుతారనీ, దానివల్ల ముఖం అలా ఉబ్బుతుందనీ ఒక పత్రికలో చదివాను. ఇంకేముంది! వాళ్ళ ఊరు వెళ్ళి పొట్లాలన్నీ మురుగుకాలవలో పారబోశాను. చదువుకున్నవాణ్ణి కదా!

నాలుగో రోజున అక్కయ్య మంచం దిగలేకపోయింది. వాంతులు, కళ్ళు తిరగడం. రక్తపు పోటు బాగా పడిపోయింది. ఆస్పత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "మందు హఠాత్తుగా ఎవరు మాన్పించారు?" అని. అందరూ నావైపు చూశారు.

"మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులుంటాయండీ. ఒంటికి కావలసిన స్టెరాయిడు అవే తయారుచేస్తాయి. నెలల తరబడి బయటినుంచి వస్తుంటే అవి నిద్రపోతాయి. రోజూ హోటలు నుంచి క్యారియరు వస్తుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? క్యారియరు ఒక్కసారి ఆపేస్తే పస్తే కదా!" అన్నారాయన. అంటూనే స్టెరాయిడు ఇంజక్షను రాశారు.

"మళ్ళీ ఆ విషమేనా?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హెంచ్ అనే వైద్యుడు ఇటువంటి వాతంతోనే కదలలేని ఒకామెకు ఈ జాతి మందు ఇస్తే, కొద్ది రోజుల్లో లేచి నడిచిందట. 1950లో ఆయనతో కలిపి ముగ్గురికి నోబెల్ బహుమానం వచ్చింది. 2020లో కోవిడుతో ప్రాణవాయువు పెట్టవలసివచ్చిన వాళ్ళలో ఎందరినో కాపాడింది చవకైన డెక్సామెథసోన్. మరుసటి ఏడు మన దేశంలో నల్ల ఫంగస్ చెలరేగడానికి ఒక కారణం, చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకు ఆ జాతి మందునే అడ్డూ అదుపూ లేకుండా వాడడం.

ఇప్పుడు అక్కయ్య బిళ్ళ మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. కాలెండరులో రోజుకొక గుర్తు పెట్టుకుంటుంది. వాతానికి వేరే మందు మొదలుపెట్టారు గాని, అది పట్టడానికి వారాలు పడుతుందట. ముఖం మునుపటిలా సన్నబడింది. "పాపం, చిక్కిపోయింది" అంటున్నారు ఇరుగుపొరుగువారు.

మొన్న ఫోనులో, "చేతులు మళ్ళీ పట్టేస్తున్నాయిరా. జడ వేసుకోలేకపోతున్నాను. ఆ పొట్లాలాయన ఇంకా అక్కడే ఉన్నాడా?" అంది.

కోప్పడదామనుకున్నాను. కాని ఆ నొప్పి నాది కాదు కదా!

"ఆదివారం వస్తున్నాను, డాక్టరుగారి దగ్గరకు వెళదాం" అన్నాను.

"సరే, ఈసారి దేన్నీ కాలవలో పారబోయకు" అంది.