మా గోడపత్రిక

హనుమకొండలోని సుబేదారి ప్రాంతానికి ఆ పేరు నిజాం పాలనాకాలంలో వచ్చింది. వరంగల్ సుబాకు అధికారియైన సుబేదారు అక్కడ నివసించేవాడు. 1986లో నేను ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరం చదివింది ఆ సుబేదారిలోనే. ఆనాడు కంఠస్థం చేసిన పాఠాలలో చాలా భాగం మరచిపోయాను. మా తరగతి గోడపత్రికను మాత్రం నేటికీ మరువలేకపోతున్నాను.

ఆ పత్రికకు ప్రేరకులు మా తెలుగు అధ్యాపకులు. ఒకనాడు వారు పాఠం మధ్యలో ఒద్దిరాజు సోదరుల వృత్తాంతం వినిపించారు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి గ్రామం నుండి 1922లో సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే ఆ అన్నదమ్ములు ‘తెనుగు’ పత్రికను వెలువరించారు. “ఒక పల్లెటూరు పత్రికను నడపగలిగినప్పుడు, అరవై మంది ఉన్న తరగతి నడపలేదా?” అని వారు మమ్మల్ని ప్రశ్నించారు. మరుసటి సోమవారమే వరండా గోడపై మా పత్రిక వెలసింది. నాలుగు తెల్లని డ్రాయింగు కాగితాలు, వాటిక్రింద పాఠకుల అభిప్రాయాల కొరకు ఒక ఖాళీ కాగితం, దారంతో వ్రేలాడదీసిన పెన్సిలు. ఇదే మా ముద్రణాలయం.

నా దస్తూరి బాగుండడంవల్ల సంపాదకత్వం నాకు లభించింది. నాకప్పుడు సమాసాల మీద మోజు మెండు. నా మొదటి సంపాదకీయంలో సూర్యుడు ఉదయించలేదు, “ప్రభాకరుడు ఉదయాద్రి శిఖరాన్ని అధిరోహించాడు”. మధ్యాహ్నానికి ఖాళీ కాగితంపై ఒక వాక్యం కనబడింది: “సంపాదకులవారూ, పత్రిక ప్రక్కన నిఘంటువు కూడా వ్రేలాడదీయండి.” అందరూ నవ్వారు. నేను మాత్రం దానిని అసూయగా భావించి ఊరుకున్నాను.

నాలుగవ సంచికకు ఒక సహాధ్యాయిని రెండు పేజీల వ్యాసం ఇచ్చింది. ఆమె పరకాల వైపు ఒక పల్లె నుండి ప్రతిదినం బస్సులో వచ్చేది. అంతకు ముందు ఏడు ఆమె తల్లి మరణించింది. ఆ తల్లి తంగేడు, గునుగు పూలు తెచ్చి శిబ్బిలో బతుకమ్మను పేర్చిన తీరు, రోజూ బస్సు దాకా వచ్చి “పైలం బిడ్డా” అని సాగనంపిన తీరు ఆమె వ్రాసింది. నేను ఆ వ్యాసాన్ని ‘సంస్కరించాను’. శిబ్బి పళ్ళెమైంది. అవ్వ మాతృమూర్తి అయింది. “పైలం బిడ్డా” అన్న మాటను “జాగ్రత్త కుమారీ” అని మార్చి, అందమైన అక్షరాలతో గోడకెక్కించాను.

సోమవారం ఉదయం ఆమె పత్రిక ముందు చాలాసేపు నిలబడింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆమె వెళ్ళిన తరువాత ఖాళీ కాగితం చూశాను. “ఇవి మా అవ్వ మాటలు గావు” అని ఉంది.

ఆ సాయంత్రం అధ్యాపకులు నన్ను పిలిచారు. నేను వెంటనే, “అవి పుస్తకభాషలో లేవని మార్చాను సార్” అన్నాను. వారు కోపగించలేదు. పాల్కురికి సోమనాథుని గురించి అడిగారు. సంస్కృతంలోనూ రచనలు చేసిన పండితుడై ఉండి, బసవపురాణాన్ని జానుతెనుగులో, ద్విపదలో రచించాడని ఒప్పజెప్పాను. “సంస్కృతం రాక కాదు నాయనా, వినేవారి కొరకు ఆయన ఆ తెలుగును ఎన్నుకున్నాడు. నీవు ఎవరి కొరకు దిద్దావు?” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ప్రజల పలుకును జీవితమంతా వెనకేసుకొచ్చిన కాళోజీ నారాయణరావుగారు ఆనాడు మా హనుమకొండలోనే ఉన్నారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని 2014 నుండి తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఊళ్ళోని మహాకవి మాట నా చెవికెక్కలేదు. ఒక తల్లి మాటను చెరిపిన తరువాత గాని ఎక్కలేదు.

ఆ రాత్రి లాంతరు వెలుగులో ఆమె వ్యాసాన్ని ఉన్నదున్నట్లుగా తిరిగి వ్రాశాను. క్రింద, “తప్పు సంపాదకునిది. క్షమించగలరు” అని చేర్చాను. ఆడపిల్లలతో ముఖాముఖి మాట్లాడే అలవాటు లేని రోజులవి. అంతకంటె ఏమీ చేయలేకపోయాను. తరువాతి సంచికలకు ఆమె ఏమీ వ్రాయలేదు. ఏడాది చివరి సంచికకు మాత్రం ఒక్క పేజీ ఇచ్చింది. పైన చిన్న అక్షరాలతో, “ఒక్క మాట గూడ మార్చవద్దు” అని ఉంది. నేను మార్చలేదు.

తరువాతి కాలంలో ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేస్తూ పాఠాంతరాలతో కుస్తీ పట్టాను. లేఖకుడు తనకు తెలియని పదాన్ని తీసివేసి, తెలిసిన పదాన్ని పెట్టినచోట కవి హృదయం మరుగున పడిపోతుంది. అటువంటి చోటు ఎదురైన ప్రతిసారీ, వరండాలో మౌనంగా నిలబడిన ఆ అమ్మాయి గుర్తుకు వచ్చేది. అర్థం కాని పదాన్ని దిద్దడానికి ముందు దానిని పలికినవారిని అడగాలని నాకు నేర్పింది ఆమె వ్రాసిన ఆ ఒక్క వాక్యమే.

ఇప్పుడు నా విద్యార్థులు కూడా గోడపత్రిక నడుపుతున్నారు. కాగితాలు రంగుల్లో ఉన్నాయి, శీర్షికలు కంప్యూటరులో ముద్రించినవి. నేను వారికి ఒకే నియమం పెట్టాను. అక్షరదోషం కనబడితే వ్రాసినవారిని పిలిచి, వారి ఎదుటనే దిద్దాలి. అభిప్రాయాల కాగితం, దారంతో కట్టిన పెన్సిలు మాత్రం నా పట్టుదలవల్ల నేటికీ అలాగే ఉన్నాయి.