ఒక్క పౌనుకు కొన్న పడవ

పదహారు మీటర్ల పొడవున్న తెరచాప పడవ, అందులోనూ లోకమంతా పేరు మోసిన పడవ, ఒక్క పౌనుకు అమ్ముడుపోయిందంటే మన పల్లెలలో ఎవరూ నమ్మరు. ఆ రోజులలో పౌనంటే మన డబ్బులో సుమారు 80 రూపాయలు. కాని ఇది నిజముగా జరిగిన సంగతి. 2004లో ఇంగ్లాండు దేశములో జరిగింది. ఆ పడవ పేరు జిప్సీ మాత్ 4. ఒక్క పౌనుతో మొదలైన లెక్క ఎంతవరకు పోయిందో ప్రియ పాఠకులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

కూటముల నిమిత్తము మేము ముగ్గురము సేవకులము లండను వెళ్లినప్పుడు ఒక పూట తీరిక దొరికింది. మాకు ఆతిథ్యమిచ్చిన తెలుగు కుటుంబమువారు, “గ్రీనిచ్ చూసి రండి అయ్యగారూ, మీరు గోదావరివాళ్లు గదా, ఓడలంటే మీకు బాగుంటుంది” అన్నారు. బ్యాంకు అనే స్టేషనులో రైలెక్కాము. ఆ రైలును నడిపే డ్రైవరు ముందు గదిలో ఉండడు. ముందు సీటులో కూర్చుంటే మనమే నడుపుతున్నట్టు ఉంటుంది. కటీ సార్క్ అనే స్టేషనులో దిగి నాలుగడుగులు వేస్తే థేమ్సు నది ఒడ్డు. అక్కడే నది అడుగున నడచి అవతలి ఒడ్డుకు పోయే సొరంగము ఉంది. 1902లో తెరిచారట. వాన కురిస్తే ఏరు దాటలేని లంక గ్రామాల మధ్య పరిచర్య చేసేవారము గనుక, పనిలేకపోయినా ఆ సొరంగములో అటు వెళ్లి ఇటు వచ్చాము.

ఒడ్డున మూడు పొడవాటి తెరచాప స్తంభాలతో కటీ సార్క్ ఓడ నిలిచి ఉంది. 1869లో స్కాట్లాండులో కట్టారు. చైనా నుండి తేయాకు తెచ్చేందుకు కట్టిన వేగమైన ఓడ అది. 16,150 పౌన్లకు కట్టి ఇస్తామని ఒప్పుకొన్నవారు పని పూర్తికాక ముందే దివాలా తీశారు. మిగిలిన పని వేరొకరు పూర్తి చేశారు. ఓడ పుట్టుకలోనే లెక్క తప్పిందన్నమాట.

1895లో అది పోర్చుగీసువారి చేతికి పోయింది. 1922లో డౌమన్ అనే కెప్టెను 3,750 పౌన్లు ఇచ్చి దానిని మరల ఇంగ్లాండుకు కొని తెచ్చాడు. తాను పని నేర్చుకొనే కుర్రవాడిగా ఉన్నప్పుడు సముద్రముపై ఆ ఓడ తమ ఓడను దాటిపోవడము చూశాడట. ఆ అందము ఆయన మరచిపోలేదు. 1936లో ఆయన చనిపోయాడు. ఆయన భార్య ఆ ఓడను నావికుల శిక్షణ కళాశాలకు దానముగా ఇచ్చింది. ఓడతోపాటు దాని పోషణ కొరకు 5,000 పౌన్లు కూడ ఇచ్చింది. ఆయన కొన్న ధరకంటె ఇది ఎక్కువ. మేము ఈ సంగతి దగ్గర చాలాసేపు ఆగాము. వస్తువును దానము చేసేవారు మనకు తెలుసు. ఆ వస్తువు బ్రతకడానికి కావలసినది కూడ కలిపి ఇచ్చేవారు బహు తక్కువ.

2007 మే 21న, మరమ్మతు జరుగుచుండగా ఓడకు నిప్పంటుకుంది. పని నిమిత్తము చాలా చెక్కలు ముందే ఊడదీసి వేరేచోట ఉంచినందువలన అవి దక్కాయి. మొదట రెండున్నర కోట్ల పౌన్లతో అవుతుందనుకొన్న పని ముగిసేసరికి సుమారు 5 కోట్ల పౌన్లు అయ్యింది. 2012 ఏప్రిలులో మరల తెరిచారు. ఇప్పుడు ఓడను మూడు మీటర్ల ఎత్తుకు లేపి నిలిపారు గనుక దాని అడుగున కూడ నడవవచ్చు.

ఈ ఓడ ప్రక్కనే 1968 నుండి 2004 వరకు జిప్సీ మాత్ 4 నిలిచి ఉండేది. ఇప్పుడు ఆ పడవ అక్కడ లేదు. విహారానికి, పందేలకు వాడే ఇటువంటి తెరచాప పడవలను ఇంగ్లీషువారు యాట్ అంటారు. ఫ్రాన్సిస్ చిచెస్టర్ అనే ఆయన 1966 ఆగస్టు 27న ప్లిమత్ రేవు నుండి దీనిలో ఒంటరిగా బయలుదేరాడు. దారిలోనే ఆయనకు 65 ఏళ్లు నిండాయి. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో మాత్రమే ఆగి, భూగోళమంతా చుట్టి, 1967 మే 28న తిరిగి వచ్చాడు. నీటిమీద గడిపిన దినములు 226. ఆ జూలైలో ఎలిజబెత్ రాణి ఈ గ్రీనిచ్ ఒడ్డుననే ఆయనకు నైట్ బిరుదు ఇచ్చింది.

పడవను గౌరవముగా ఒడ్డున కాంక్రీటు గుంటలో నిలబెట్టారు. జనము ఎక్కి చూశారు. ఎక్కి చూచినకొద్దీ పైతట్టు అరిగింది. తరువాత ఎక్కనివ్వడము మానారు. వాన నీరు చెక్కలోనికి దిగింది. చెక్క పడవకు ఉప్పునీరు చేసే హాని కంటె వాన నీరు చేసే హాని ఎక్కువని మన పడవలవారికి తెలుసు. సముద్రముమీద గాలివానలను తట్టుకొన్న పడవ పొడినేలమీద నిలబడి పాడైపోయింది.

2004లో ఐల్ ఆఫ్ వైట్ ద్వీపములోని సెయిలింగ్ అకాడమీవారు దానిని ఒక్క పౌనుకు తీసికొన్నారు. ఆ పౌనుకు తోడు ఒక గ్లాసు మద్యము కూడ ధరలో కలిపారట! అది వారి సరదా. గాస్‌పోర్టు రేవులో దానిని మొదట కట్టిన కార్ఖానాకే బాగుచేయడానికి పంపారు. పాడైన చెక్క తీసి క్రొత్త చెక్క వేయడము మొదలుకొని మోకులు, తెరచాపలు, ఇంజను, విద్యుత్తు తీగల వరకు పని జరిగింది. అనేకులు సామాను ఉచితముగా ఇచ్చారు. అయినా సుమారు 3 లక్షల పౌన్లు ఖర్చయ్యింది. అనగా ఆనాటి మన డబ్బులో రెండు కోట్ల రూపాయలకు పైమాటే. 2005 జూనులో పడవ మరల నీటిలోనికి దిగింది.

కథ అంతటితో ముగియలేదు. కష్టాలలో పెరిగిన యౌవనస్థులను, జబ్బుల నుండి కోలుకొన్నవారిని వంతులవారీగా ఎక్కించుకొని అది రెండవసారి భూమి చుట్టూ బయలుదేరింది. 2006 ఏప్రిల్ 29న పసిఫిక్ సముద్రములో రంగిరోవా అనే దీవి వద్ద పగడపు దిబ్బమీద ఎక్కి ప్రక్క పగిలింది. సుమారు వారము తరువాత దానిని లాగి, తహితికి చేర్చి, అక్కడ నుండి న్యూజీలాండుకు పంపి బాగుచేయించారు. 2007 మే 28న, సరిగా 40 ఏళ్లు నిండిన దినమున, అది ప్లిమత్ చేరింది. అయినను 2010 నాటికి నిధులు తగ్గి ఆ సంస్థవారు దానిని అమ్మవలసి వచ్చింది. కొన్నవారు ఒక ట్రస్టు సహాయముతో దానిని పోషించసాగారు.

ఇంత ఖర్చు ఎందుకవుతుంది? మేము అర్థము చేసికొన్నంతవరకు చెప్తాము. పాత పడవ ధర తగ్గినంత మాత్రాన దాని ఖర్చు తగ్గదు. రేవులో నిలిపినందుకు అద్దె పడవ పొడవును బట్టి కడతారు గాని కొన్న ధరను బట్టి కాదు. లక్ష పౌన్ల పడవకు ఎంతో, ఒక్క పౌను పడవకూ అంతే. ఏటా నీటిలోనుండి పైకి లేపి, అడుగున పట్టిన నాచు, నత్తగుల్లలు గీకి, మందురంగు పూయాలి. భీమా కట్టాలి. మోకులు, తెరచాపలు కొన్నేళ్లకొకసారి మార్చాలి. కట్టకడపట, పనికిరాని పడవను విరిచి పారవేయడానికి కూడ డబ్బు కావాలి. అందువలననే ఆ దేశపు వాగులలో యజమానులు విడిచిపోయిన పడవలు బురదలో కనబడతాయి. అక్కడ తెలివిగలవారు కొనకముందు పడవ పరీక్షకునికి రుసుము ఇచ్చి అంగుళమంగుళము చూపిస్తారు. ఆ రుసుము దండుగ అనుకొన్నవారే తరువాత ఎక్కువ పోగొట్టుకొంటారు.

ఈ లెక్క మాకు వినోదము కొరకు కాదు. మా పాస్టరేటులో ఒక లంక ఉంది. గర్భిణీ స్త్రీ నొప్పులతో ఉన్నా, పిల్లలు బడికి వెళ్లాలన్నా నాటుపడవే దిక్కు. ఆ దినములలోనే ఒకాయన తన పాత చెక్క లాంచీని 60 వేల రూపాయలకు ఇస్తానన్నాడు. లంకవారు సంతోషించారు. సంఘ పెద్దలు కొందరు చందాలు కూడ మొదలుపెట్టారు.

మేము తిరిగి వచ్చి, పడవలు కట్టి చేయి పండిన ఒక ముసలి వడ్రంగిని పిలిపించాము. ఆయన రంగు వైపు చూడలేదు. లాంచీని ఒడ్డుకు లాగించి, అడుగు చెక్కలను ఉలితో పొడిచి చూశాడు. మూడుచోట్ల ఉలి మెత్తగా లోపలికి దిగిపోయింది. “నీళ్లలో మునిగుండే భాగమే పడవండి అయ్యగారూ. పైదంతా సోకు” అన్నాడు. చెక్క, కూలి కలిపి లక్షన్నర, ఇంజనుకు 80 వేలు, ఆ తరువాత ఏటేటా గుగ్గిలము, రంగు, డీజిలు, సరంగు జీతము అని లెక్క చెప్పాడు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద గోదావరిలో పడవ మునిగి అనేకులు చనిపోయిన సంగతి అందరికీ తెలుసు గనుక ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

గోపురము కట్టబోయేవాని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మనకు క్రొత్త కాదు. ఆ రాత్రి పెద్దలము కూర్చుండి, ఎంతకు కొందాము అనే మాట ప్రక్కన పెట్టి, ఏటా ఎవరు పోషిస్తారు అని మాత్రమే మాట్లాడుకొన్నాము. లంకలోని కుటుంబములన్నీ, మతభేదము లేకుండా, నెలకు 100 రూపాయలు వేయుటకు ఒప్పుకొన్నాయి. వచ్చిన చందాలు బ్యాంకులో వేశాము. ఒక ఏడాది పోషణ ఖర్చు జమ అయిన తరువాతనే చిన్నదైనా క్రొత్త పడవకు బయానా ఇవ్వాలని తీర్మానించాము.

ఆ లాంచీ ఇంకా రేవులోనే ఉంది. మొన్న దాని ధర 40 వేలకు దిగింది. “ఇప్పుడైనా కొందామా అయ్యగారూ?” అని ఒక యౌవనస్థుడు అడిగాడు. ధర 20 వేలు తగ్గేలోగా చెక్క ఇంకొక వర్షాకాలము తడిసిందని అతనికి చెప్పి, పోషణ నిధి పుస్తకము చేతికిచ్చి, ఈ నెల చందాలు వసూలు చేసికొని రమ్మని లంకకు పంపాము.